ఆ నోటుబుక్కుకు మార్కులు వేయొద్దు

సంపాదకులకు నమస్కారం.

విలువల విద్యకు కూడా మార్కులుంటేనే పిల్లలు పట్టించుకుంటారన్న మాట ఈ మధ్య తోటి ఉపాధ్యాయుల నోట తరచూ వింటున్నాను. యాదాద్రి భువనగిరి జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతున్నాను. నాకు ఆ మాట ఎంతమాత్రం సమ్మతం కాదు. ఎందుకో తెలియాలంటే మా ఎనిమిదో తరగతిలో జరిగే పని గురించి చెప్పాలి.

పెద్దయ్యాక ఏమవుతారని అడిగితే మా పిల్లల్లో సగం మంది కలెక్టర్లు, మిగతావాళ్లు డాక్టర్లు, పోలీసులు. అవన్నీ చార్టు మీద రాయించి, చుట్టూ రంగు కాగితాలు అంటించి గోడకు పెట్టడం అన్ని బడుల్లోనూ ఉన్నదే. ఆ చార్టు చూస్తే రేపు పొద్దున లేచి ఏం చేయాలో మాత్రం ఏ పిల్లకూ తెలియదు. అందుకని విలువల విద్య కింద సోమవారం చివరి పీరియడులో అందరం 40 పేజీల నోటుబుక్కు తీస్తాం. ఈ వారం నా చేతనయ్యే పని ఒకటేది? దానికి ఏం అడ్డొస్తుంది? అడ్డొచ్చినప్పుడు నేనేం చేస్తాను? ఈ మూడింటికి జవాబు రాసుకుంటారు. శనివారం పక్కన కూర్చునే జోడీ చదివి, పని జరిగిందో లేదో రాసి సంతకం పెడుతుంది. ఆ పుస్తకంలో నేను ఎర్ర పెన్ను పెట్టను.

ప్రాణమంతా మూడో ప్రశ్నలోనే ఉంది. ఒక అమ్మాయి "తమ్ముణ్ని కొట్టను" అని రాసింది. అసలెందుకు కొడతావంటే, "లెక్కలు చేస్తుంటే పుస్తకం గుంజుకుంటడు టీచర్" అంది. కాసేపు ఆలోచించి తనే రాసుకుంది: "పుస్తకం గుంజుకుంటే పాత నోట్సు, పెన్సిలు ఇచ్చి పక్కన కూసోబెట్టుకుంట." ఇంత పనికొచ్చే ఉపాయం నాకు తట్టేది కాదు. జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ 1999లో అచ్చయిన ఒక వ్యాసంలో ఇదే సంగతి వివరించారు. చేయాలని ఉత్తగా అనుకునేవాళ్ల కంటే, ఫలానాది ఎదురైతే ఫలానా విధంగా చేస్తానని ముందే నిర్ణయించుకున్నవాళ్లు ఎక్కువగా పని పూర్తిచేస్తారట. పెద్ద లక్ష్యాన్ని నేను తక్కువ చేయడం లేదు. మాలావత్ పూర్ణ పేరు మా పిల్లలందరికీ తెలుసు. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన గురుకుల విద్యార్థిని, 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్టు ఎక్కింది. ఆమె, ఆమెతోపాటు శిఖరం చేరిన ఆనంద్‌కుమార్ ఇద్దరూ బండలెక్కడం నేర్చుకున్నది మా భువనగిరి గుట్ట మీదే, డార్జిలింగ్, లద్దాఖ్ ఆ తర్వాతేనని చెబితే క్లాసంతా నోరు తెరిచింది. రోజూ బస్సులోంచి చూసే గుట్ట కదా! "మొదటిరోజు ఎంత ఎత్తు ఎక్కింది టీచర్?" అని వెనక బెంచీ పిల్లాడు అడిగాడు. ఆ తర్వాతి సోమవారం చాలామంది నోటుబుక్కుల్లో లక్ష్యాలు చిన్నవయ్యాయి, చేయగలిగేవయ్యాయి.

ఇక మార్కుల సంగతి. ఒక శనివారం ఇద్దరు మగపిల్లలు గొడవపడ్డారు. వారమంతా మొదటి గంటకే బడికి వస్తానని రాసుకున్నవాడు పాల సెంటర్ దగ్గర ఆలస్యమై రెండు రోజులు తప్పాడు. అయినా అన్ని రోజులూ వచ్చినట్టు సంతకం పెట్టమని జోడీని అడిగాడు. వాడు పెట్టనన్నాడు. దోస్తువు కాదా అని ఇతను, దోస్తునే గానీ అబద్ధం రాయనని అతను. నేను తీర్పు చెప్పకుండా తరగతికే వదిలేశాను. చాలాసేపు వాదించుకున్నారు. చివరికి ఒక అమ్మాయి లేచి, "చెయ్యలేదని రాస్తే టీచర్ ఏమనది కదా, మరి అబద్ధం ఎందుకు?" అంది. పిల్లాడు పుస్తకం తీసుకుని "మూడు రోజులే వచ్చిన" అని తన చేత్తోనే రాశాడు. తర్వాతి వారం మళ్లీ అదే లక్ష్యం పెట్టుకున్నాడు. ఆ పేజీకి ఐదు మార్కులున్నాయనుకోండి, ఆ అమ్మాయి మాటకు బలం ఉండేదా? ఇద్దరూ కలిసి అబద్ధం రాసేవాళ్లు, దానికి నేను ఐదుకు ఐదు వేసేదాన్ని.

ఇది ఊహించి అంటున్నది కాదు. చదువు సాగుతుండగానే పిల్లల ప్రగతి చూసే నిర్మాణాత్మక మూల్యాంకనంలో (ఎఫ్‌ఏ) ఉన్న 20 మార్కుల్లో ప్రాజెక్టు పనికి 5 కేటాయించారు. ఉద్దేశం ఎంతో మంచిది. కానీ గైడుల్లో ప్రాజెక్టులు అచ్చయి వచ్చేశాయి, ఊరి చెరువు గురించి రాయమంటే పిల్లలు చూడని చెరువు గురించి ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకొస్తున్నారు. నిజాయితీకి కూడా అదే గతి పట్టించొద్దు.

ఇంకొకటి. అడ్డంకుల వరుసలో పిల్లలు ఇంటి సంగతులు రాస్తారు. "నాయిన తాగొచ్చి లొల్లి చేస్తడు" అని ఒక పిల్ల రాసుకుంది. దాని పక్కనే "అప్పుడు అమ్మమ్మ ఇంట్ల కూసొని చదువుత" అని ఉంది. ఆ పేజీ జోడీకి, నాకు తప్ప ఎవరి కంటా పడకూడదు. బడిలో ఏం జరిగినా ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టే అలవాటు ఇక్కడికి వచ్చిందంటే ఆ పిల్ల మళ్లీ నిజం రాయదు.

విద్యాశాఖ పెద్దలకు, ప్రధానోపాధ్యాయులకు నా విన్నపం. విలువల విద్య, జీవన నైపుణ్యాలు అని టైంటేబుల్‌లో ఉన్న పీరియడును గణితానికో సైన్సుకో ఇచ్చేయకుండా పిల్లలకే ఉంచండి, పదో తరగతిలోనూ. మార్కులు, ఫొటోలు అడగకండి. ఎలా జరుగుతుందో చూడాలనుకుంటే శనివారం వచ్చి వెనక బెంచీలో కూర్చోండి. పిల్లలు ఇష్టపడితే వాళ్ల నోటుబుక్కు వాళ్లే తెరిచి చూపిస్తారు.

– ఒక సాంఘికశాస్త్ర ఉపాధ్యాయురాలు, యాదాద్రి భువనగిరి జిల్లా