గులాబీకి వచ్చింది తెగులు, పురుగు కాదు

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో వేసిన మొక్కల చిట్కాల్లో, గులాబీలకు సాయంత్రం పూట ఆకులు బాగా తడిసేలా నీళ్లు చల్లాలని ఉంది. దయచేసి దాన్ని సరిచేసి మళ్లీ వేయండి. తొలకరి ముందు అది చదివి పాటిస్తే ఎంతమంది మిద్దె తోటల్లో గులాబీలు మోడులవుతాయోనని నా భయం, ఎందుకంటే రెండేళ్ల క్రితం నేను సరిగ్గా ఆ పనే చేశాను.

కడియం నర్సరీల నుంచి తెచ్చుకున్న 14 కుండీలు మావి. పగలంతా ఎండకి సొమ్మసిల్లాయి కదా, చల్లబడతాయని రోజూ ఆరింటికి పైపు పెట్టి పైనుంచి తడిపేదాన్ని. ఆషాఢంలో ముసురు పట్టేసరికి కింది ఆకుల మీద నల్ల మచ్చలొచ్చాయి, తడి కాగితం మీద ఇంకు పాకినట్టు అంచులు చెదిరిపోయి. మచ్చ చుట్టూ పసుపెక్కిన ఆకు ముట్టుకుంటే చాలు రాలిపోయేది. మందుల షాపుకి ఆకు పట్టుకెళ్తే, సరిగ్గా చూడను కూడా చూడకుండా ఒక పురుగు మందు సీసా చేతిలో పెట్టారు. రెండుసార్లు కొట్టాను. మచ్చలు ఆగలేదు సరికదా, ఆ ఘాటుకి భయపడి మా అమ్మని పూజకి ఒక్క పువ్వు కూడా కోయనివ్వలేదు. శ్రావణ శుక్రవారం నాటికి ఏ మొక్కకీ ఆకు మిగల్లేదు.

అది నల్లమచ్చ తెగులు. శిలీంధ్రం వల్ల వస్తుంది, అంటే బూజు జాతిది, దాన్ని పురుగు మందు ఏమీ చేయలేదు. మనం అన్నిటినీ పురుగు మందులే అంటాం, షాపుల బోర్డుల మీద కూడా అదే ఉంటుంది, తెగులు మందు వేరే ఉంటుందని ఇళ్లలో మొక్కలు పెంచే చాలామందికి తెలియనే తెలియదు.

తర్వాత కడియంలో ఒక నర్సరీ పనివాడు చెప్పాడు, "ఆకు తడపకండమ్మా, పొద్దున్నే మొక్క మొదట్లో పోయండి" అని. విషయమంతా అక్కడే ఉంది. ఈ శిలీంధ్రం ఆకులోకి దిగాలంటే ఆకు సుమారు 7 గంటలు తడిగా ఉండాలి, సాయంత్రం తడిపిన ఆకేమో తెల్లారేదాకా ఆరదు. పైగా రాలిన ఆకుల్ని ఎరువవుతాయిలే అని కుండీల్లోనే వదిలేశాను, చినుకు పడ్డప్పుడల్లా వాటి మీది శిలీంధ్ర బీజాలు చింది కింది ఆకులకి అంటుకుంటూనే ఉన్నాయి. ఆ రాలిన ఆకుల్ని ఏరి బయట పారేయాలి, కంపోస్టులో కూడా వేయకూడదు. కుండీలు గాలి ఆడేలా ఎడంగా జరపాలి. వానలు ఆగకపోతే లీటరు నీటికి 2.5 గ్రాముల మాంకోజెబ్ అనే తెగులు మందు కలిపి, ఆకు అడుగు వైపు కూడా తడిసేలా పది రోజులకోసారి కొట్టాలి, అదీ ఆకు త్వరగా ఆరిపోయే ఉదయం పూట. మచ్చపడిన ఆకు మళ్లీ పచ్చబడదు, మందు కాపాడేది కొత్త చిగురునే. నేను ఇదంతా చేశాక కార్తీకానికి 14లో 11 మొక్కలు చిగురించాయి, మూడు పోయాయి.

చలికాలంలో మొగ్గల మీద, లేత ఆకుల మీద పిండి చల్లినట్టు వచ్చే బూడిద తెగులు వేరు. దానికి ఆకు తడవాల్సిన పని లేదు, పగలు పొడిగా ఉండి రాత్రి చల్లబడి గాలిలో తేమ పెరిగితే చాలు. నీటిలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు సరిపోతుంది, మండే ఎండలో మాత్రం కొట్టకూడదు, ఆకులు మాడిపోతాయి. ఇక కొమ్మ కత్తిరించిన చోటు నుంచి నల్లబడి కిందికి ఎండుతూ వస్తే, లోపల తెల్లగా కనిపించేదాకా కోసి, ఆ కోత మీద కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు ముద్ద పూయాలి.

ఇంకొక్క మాట. ప్యాకెట్ల మీద మోతాదు ఎకరానికి ఇంత అని ఉంటుంది. పది కుండీలున్న ఇల్లాలు దాన్ని ఎలా లెక్కేసుకోవాలి? చెంచాతో ఉజ్జాయింపుగా కలిపేసి, మిగిలింది వంటింటి అల్మారాలో పెడుతున్నారు, నేనూ అలాగే పెట్టాను, ఇంట్లో చిన్నపిల్లలు తిరుగుతుండగా. అందుకే ఈ చిట్కాలు రాసేటప్పుడు ఉద్యాన శాఖ అధికారులనో, వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లనో అడిగి, లీటరుకి ఎన్ని గ్రాములో, అది తెగులు మందో పురుగు మందో స్పష్టంగా వేయించండి. ఆ సాయంత్రం నీళ్ల మాట మాత్రం వచ్చే ఆదివారమే సరిచేయండి, వానలు పడ్డాక వేస్తే లాభం లేదు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
రాజమహేంద్రవరం