కార్మిక శాఖ మంత్రి గారికి: ‘ఎందుకు రాలేదో’ చెప్పించండి

అయ్యా,

నేను హనుమకొండలో ఉంటాను. పదకొండేళ్లుగా ఓ ప్రైవేటు సంస్థలో స్టోర్స్ చూస్తున్నాను. సూపర్‌వైజర్ పోస్టుకు రెండుసార్లు పెట్టుకున్నాను, రెండుసార్లూ రాలేదు. పోస్టు ఇప్పించమని ఈ లేఖ రాయడం లేదు.

మొదటిసారి అప్పటి మేనేజర్ గారు నన్ను పిలిచి కూర్చోమన్నారు. నా మార్కులు, పోస్టు వచ్చినతని మార్కులు పక్కపక్కన ఉన్న కాగితం ముందు పెట్టారు. "స్టాక్ లెక్కలో నువ్వే ముందున్నావు. కంప్యూటర్ దగ్గర వెనకబడ్డావు, ఇదిగో" అని వేలు పెట్టి చూపించారు. బాధేసింది. కానీ ఆ రాత్రి నిద్ర పట్టింది. నెల తిరక్కుండానే ఎక్సెల్ నేర్చుకోవడానికి చేరాను.

రెండోసారి పంచింగ్ మిషన్ పక్కన గోడకు లిస్టు అంటించారు. గమ్ ఇంకా ఆరలేదు. ఇంటర్వ్యూ మార్కులు ఎలా వేశారని అడిగితే "పైనుంచి వచ్చింది" అన్నారు, అంతే. పోస్టు వచ్చినతను మంచివాడు, పనిమంతుడు. అయినా నెలల తరబడి అతని ముఖం చూడలేకపోయాను. అంతకుముందు తూకంలో తేడా కనిపిస్తే లారీని ఆపేవాణ్ని. ఆ తర్వాత "మనకెందుకులే" అని సంతకం పెట్టేసిన రోజులున్నాయి. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, కానీ ఇది మీకు తెలియాలి.

అమెరికాలో జెరాల్డ్ గ్రీన్‌బర్గ్ అనే పరిశోధకుడు 1990లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. రెండు ఫ్యాక్టరీల్లో పది వారాలపాటు జీతంలో 15 శాతం కోశారు. ఒకచోట కారణాలు వివరంగా, మర్యాదగా చెప్పారు. ఇంకోచోట రెండు ముక్కల్లో తేల్చేశారు. సరిగ్గా చెప్పని చోటే దొంగతనాలు ఎక్కువ పెరిగాయి. కోత మాత్రం రెండుచోట్లా ఒకటే.

2005 నాటి సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం, ప్రభుత్వ ఆఫీసులు తమ నిర్ణయాలకు కారణాలను సంబంధితులకు చెప్పాలి. మా ప్రైవేటు ఉద్యోగులకు ఆ ఆసరా లేదు.

గీసుకొండ వైపు టెక్స్‌టైల్ పార్కు, మడికొండలో ఐటీ కంపెనీలు వచ్చాయి. మన పిల్లలు హైదరాబాద్ పోకుండా ఇక్కడే పనిలో చేరుతున్నారు. ప్రమోషన్‌కు ఏం చూస్తారో ముందే రాసి పెట్టాలని, రానివాళ్లకు కారణం కాగితం మీద ఇవ్వాలని, మళ్లీ ఒకసారి అడిగే అవకాశం ఉండాలని ఒక ఉత్తర్వు తీసుకురండి. దానికి టైం పడుతుందంటే, మీ లేబర్ ఆఫీసర్లు తనిఖీకి వచ్చినప్పుడు "ఆ కాగితం ఏదీ?" అని అడగడంతో మొదలుపెట్టించండి.

ఇట్లు,
ఒక స్టోర్స్ ఉద్యోగి,
హనుమకొండ