బ్లోయర్ మోత వినిపిస్తే సరిపోదు: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను 26 ఏళ్లు కెమిస్ట్రీ చెప్పి రిటైరైన లెక్చరర్‌ని. కావలిలో ఉంటున్నాను. కాలేజీ ల్యాబుల్లో గోడవారగా ఉండే ఫ్యూమ్ హుడ్ గురించి, అంటే ప్రయోగాల్లో వచ్చే విషపు పొగను లాగి గొట్టం ద్వారా డాబా మీదికి పంపే, ముందు పైకీ కిందికీ జరిపే అద్దం ఉన్న అర గురించి మీకు ఈ లేఖ రాస్తున్నాను.

నేను పనిచేసిన ఒక కాలేజీలో ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్ జరుగుతున్నాయి. ఒక అమ్మాయి రాగి ముక్కల మీద గాఢ నైట్రిక్ యాసిడ్ పోయాలి. "హుడ్ లోపల పెట్టి చెయ్యమ్మా" అని చెప్పింది నేనే. ఆమె లోపలే పెట్టింది. గోధుమరంగు పొగ లేచింది. హుడ్‌లో లైటు వెలుగుతోంది, డాబా మీద ఉండి గాలి లాగే బ్లోయర్ మోత వినిపిస్తోంది. అమ్మాయి కాసేపు దగ్గి, నీళ్లు తాగి, రికార్డు రాసుకుని హాస్టల్‌కి వెళ్లిపోయింది. రాత్రి 11 గంటలకు వార్డెన్ ఫోన్ చేశారు, అమ్మాయికి ఊపిరి ఆడటం లేదని. ఆ గోధుమరంగు పొగ నైట్రోజన్ డయాక్సైడ్, దాని తీరే అంత. పీల్చినప్పుడు చిన్న దగ్గుతో పోయినట్టే ఉంటుంది, కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. మూడు రోజులు ఆక్సిజన్ మీద ఉండి బతికి బయటపడింది.

వాళ్ల నాన్న రొయ్యల చెరువులు కౌలుకు చేసేవారు. ఆసుపత్రి వరండాలో నన్ను అడిగారు: "మేడమ్, మేం తెల్లవారుజామునే లేచి చెరువులో డీఓ మీటర్ పెట్టి ఆక్సిజన్ చూసుకుంటాం. మీ దగ్గర అట్లా చూసేదేం లేదా?"

లేదు. అప్పటిదాకా ఆ హుడ్ గాలి లాగుతోందో లేదో కొలిచినవాళ్లే లేరు. కొలవాలని నాకూ తట్టలేదు. వారం తర్వాత ఎలక్ట్రీషియన్ డాబా ఎక్కి చూశాడు. భవనానికి కొత్త వైరింగ్ చేసినప్పుడు మూడు ఫేజుల్లో రెండు తారుమారయ్యాయి. బ్లోయర్ మోటారు వెనక్కి తిరుగుతోంది. ఈ రకం బ్లోయర్ వెనక్కి తిరిగినా గాలిని పైకే తోస్తుంది, కానీ చాలా తక్కువగా. మోత మాత్రం ఉంటుంది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. రెండు వైర్లు మార్చడానికి అతనికి పది నిమిషాలు పట్టింది. వైరింగ్ జరిగి అప్పటికి ఏడు నెలలు. ఆ ఏడు నెలల్లో ఆ హుడ్ ముందు ఎంతమంది పిల్లలు నిలబడ్డారో తలుచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు.

హుడ్ సరిగ్గా పనిచేస్తుంటే అద్దం కింది సందులోంచి గాలి సెకనుకు దాదాపు అర మీటరు వేగంతో, అంటే నిమిషానికి 100 అడుగులు, లోపలికి పోతూ ఉండాలి. మనిషి నడక ఇంతకంటే వేగం. అందుకే ఎవరైనా హుడ్ ముందు నుంచి గబగబా నడిచినా, పైన సీలింగ్ ఫ్యాన్ తిరిగినా లోపలి పొగ బయటికి వచ్చేస్తుంది. మే నెల ఎండల్లో ఫ్యాన్ ఆపమని పిల్లలకు ఏ నోటితో చెప్పగలం? హుడ్‌నే ఫ్యాన్లకు, తలుపులకు దూరంగా పెట్టాల్సింది, కానీ ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ బిగించి పోతున్నారు. కొన్నిచోట్ల గదికి ఏసీ పెట్టి కిటికీలన్నీ మూసేశారు. బయటి గాలి లోపలికి రాకపోతే హుడ్ ఎక్కడి నుంచి లాగుతుంది?

మాది సముద్రపు గాలి తగిలే ప్రాంతం. హుడ్ నుంచి డాబా మీదికి పోయే రేకు గొట్టాలను ఒకపక్క యాసిడ్ ఆవిరి, మరోపక్క ఉప్పుగాలి తినేస్తాయి. సీలింగ్ మీద గొట్టానికి చిల్లి పడితే కింద ఉన్నవాళ్లకు తెలియదు. చిమ్నీలో పావురాలు గూడు కడతాయి, తుపానుకు అది వంగిపోతుంది. చిమ్నీ డాబా మీద కనీసం 3 మీటర్ల ఎత్తుండి పొగను నిటారుగా పైకి చిమ్మాలి. వాన పడకుండా దాని మీద టోపీ పెడితే పొగ మళ్లీ డాబా మీదికే, కిటికీల్లోకే దిగుతుంది. ఆ టోపీ లేని చిమ్నీని నేను ఇంతవరకు చూడలేదు.

వాసన వస్తే తెలుస్తుంది కదా అంటారు. ఇచ్చిన లవణంలో ఏముందో కనుక్కునే సాల్ట్ అనాలిసిస్‌లో వాడే హైడ్రోజన్ సల్ఫైడ్ కొంచెం ఉంటే కుళ్లిన గుడ్డు వాసన కొడుతుంది. పది లక్షల భాగాల గాలిలో 100 భాగాలకు చేరితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. ప్రాణానికి ప్రమాదం మొదలయ్యేదీ అక్కడే. చెరువు అడుగున నల్లబురదలో పుట్టే ఈ వాయువుకు మా రొయ్యల రైతులు ఎంత భయపడతారో చూస్తే, ల్యాబుల్లో మన నిర్లక్ష్యం ఎంతో తెలుస్తుంది.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే, పనిచేసేచోట దుమ్మూ పొగా పీల్చకుండా ఏర్పాట్లు ఉండాలని 14వ సెక్షన్ పెట్టారు. వాటిని తనిఖీ చేయడానికి ఇన్‌స్పెక్టర్‌నూ పెట్టారు. కాలేజీ ల్యాబ్ ఫ్యాక్టరీ కిందికి రాదు. మా పిల్లలు రేపు ఫార్మా కంపెనీలో ఉద్యోగానికి చేరితే వాళ్ల ఊపిరికి చట్టం అండ ఉంటుంది, ఈరోజు కాలేజీలో లేదు.

హుడ్ కొనడానికి డబ్బులిస్తారు, బ్లోయర్ బెల్టు మార్చడానికి పద్దు ఉండదు. కొత్త హుడ్లు అడగడం లేదండీ. ఉన్నవాటిలో గాలి వేగం కొలిపించండి. మా ప్రాంతంలో విక్రమ సింహపురి, ఆంధ్ర కేసరి విశ్వవిద్యాలయాల పరిధిలో ఉన్న ప్రతి హుడ్‌నూ తరగతులు మొదలయ్యేలోగా ఏడాదికోసారి, వైరింగ్ గానీ మోటారు గానీ ముట్టుకున్నప్పుడల్లా మరోసారి కొలవాలి. ఆ అంకె, తేదీ, కొలిచినవారి సంతకం హుడ్ అద్దం మీద అంటించాలి. అంకె చాలకపోతే బాగుచేసేదాకా అద్దం దించి తాళం వేయాలి. ప్రిన్సిపాల్ పేరున మరమ్మతులకు విడిగా పద్దు ఉండాలి. రోజువారీగా అయితే సన్నటి టిష్యూ కాగితం ముక్క చాలు. అద్దం అంచుకు అంటిస్తే అది లోపలికి వాలుతోందో లేదో మొదటి ఏడాది పిల్లలు కూడా చూసి చెబుతారు.

గాలి వేగం కొలిచే మీటర్ అరచేతిలో పట్టేంత ఉంటుంది. రిటైరయ్యాక నేనొకటి కొనుక్కున్నాను. మీ శాఖ నుంచి అనుమతి పత్రం ఇప్పిస్తే తడ నుంచి కందుకూరు దాకా ప్రతి కాలేజీకీ నా ఖర్చుతోనే వెళ్లి కొలిచి, ఆ అంకెలు మీకు పంపుతాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్,
కావలి, నెల్లూరు జిల్లా