మినియాపోలిస్ చలిలో పరుగు

ఒరేయ్ శీనూ,

చలికి వణికిపోయానని, మార్చి దాకా పరుగు బంద్ అని రాశావే, అది చదివాక కుదురుగా ఉండలేక ఇది రాస్తున్నాను. నెక్లెస్ రోడ్డుకి తెల్లారకముందే నన్ను లేపి లాక్కెళ్లినవాడివి నువ్వు. ఇంట్లో కూర్చుంటానంటే ఎలా ఒప్పుకుంటాను రా?

కాటన్ బనియన్, స్వెట్టర్, పైన ఆఫీసుకి వేసుకునే లావు జాకెట్ వేసుకుని పరిగెత్తానన్నావు. పది నిమిషాలు పరిగెత్తేసరికి చెమట పట్టేస్తుంది. కాటన్ ఆ తడిని పీల్చుకుని వదలదు. సిగ్నల్ దగ్గర ఒక్క నిమిషం ఆగితే చాలు, తడి బనియన్ ఒంట్లో వేడంతా లాగేస్తుంది. నువ్వు వణికింది అందుకే. ఒంటికి తగిలే బట్ట పాలియెస్టర్‌దో మెరినో ఉన్నిదో వేసుకో. పైన గాలి ఆపే పల్చటి జాకెట్. మైనస్ పదికి పడిపోతే మధ్యలో ఒక ఫ్లీస్, అంటే మెత్తటి నూగున్న వెచ్చటి చొక్కా. అంతే.

ఎప్పుడైనా బయట ఉన్నదానికంటే పది డిగ్రీలు ఎక్కువ ఉందనుకుని తయారవ్వు. గుమ్మం దాటగానే కాస్త చలి వెయ్యాలి. అక్కడే వెచ్చగా ఉందంటే ఒకటి ఎక్కువ వేసుకున్నట్టే, విప్పేసి వెళ్లు.

కాళ్లు వాటంతటవే వేడెక్కుతాయి, ఒక టైట్స్ చాలు. వేళ్లూ చెవులే పాపం. వేళ్లన్నీ ఒకేచోట ఉండే మిట్టెన్స్ కొనుక్కో, గ్లోవ్స్ కంటే వెచ్చగా ఉంటాయి. ఇంకోటి, మనలో మనకి సిగ్గేముంది, ముందువైపు గాలి ఆపే డ్రాయర్లు అమ్ముతారు. తప్పకుండా కొను.

గాలిని మాత్రం తేలిగ్గా తీసుకోకు. మైనస్ పదిలో గంటకి 30 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ ఇరవైలా తగులుతుంది. ఇక్కడ షికాగోలో సరస్సు ఒడ్డున నేను ముందు గాలికి ఎదురెళ్తాను, తిరిగొచ్చేటప్పుడు అది వీపు మీద ఉంటుంది. చెమట పట్టాక ఎదురుగాలి తగిలితే తట్టుకోలేం. నువ్వు లేక్ హ్యారియట్ చుట్టూ తిరుగుతావు కాబట్టి గాలి ఎటూ తప్పదు, జిప్ మెడదాకా లాగడానికి వీలుండే జాకెట్ చూసుకో. గాలితో కలిపి మైనస్ 28 కంటే కిందికి వెళ్తే అరగంటలోనే చర్మం గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఆరోజు ట్రెడ్‌మిల్ ఎక్కు, మొండికెయ్యకు.

డిసెంబర్లో అక్కడ నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది. వెలుగు పడితే మెరిసే పట్టీలున్న వెస్ట్ వేసుకో. ఇంటికి రాగానే ముందు తడిబట్టలు మార్చు, టీ తర్వాత.

నీ సైజు మెరినో బనియన్ ఒకటి పోస్టులో వేశాను. అందగానే ఫోన్ చెయ్.

నీ,
రవి