కందిరీగల తుట్టెకు నిప్పు పెట్టకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మా కోనసీమలో కొబ్బరి దింపు కార్మికులు చెట్టెక్కాక మట్టల మధ్య కందిరీగల తుట్టె కనబడితే వాళ్లకి తప్పించుకునే దారే ఉండదు, కాబట్టి ముందే కింద నుంచి చూసి చెప్పడం తోట యజమానుల బాధ్యత. ఇక ఇళ్ల దగ్గర చాలామంది చేసేది, కర్రకు కిరసనాయిలు గుడ్డ చుట్టి కాల్చడం. పక్కనే తాటాకు పాక, గడ్డిమేటు ఉన్నాయని కూడా చూడరు! తేనెటీగ కుడితే దాని ముల్లు మన చర్మంలోనే ఉండిపోతుంది, కందిరీగ అలా కాదు, ఒక్కటే మళ్లీ మళ్లీ కుట్టగలదు, రెచ్చగొడితే గుంపంతా వెంటపడుతుంది. మనుషులు తిరగని చోట ఉంటే అసలు ముట్టుకోనక్కర్లేదు, అవి పంటల మీది గొంగళిపురుగుల్ని పట్టుకెళ్లి తమ పిల్లలకు మేపుతాయి.

కుట్టాక ఊపిరి ఆడకపోయినా, నాలుక వాచినా, కళ్లు తిరిగినా సున్నం రాస్తూ కూర్చోకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి. అప్పుడు ప్రాణం నిలిపేది ఆడ్రినలిన్ ఇంజెక్షన్. అది ప్రతి పీహెచ్‌సీలో రాత్రిపూట కూడా అందేలా అధికారులు చూడాలి, తుట్టెలు తీయడానికి పంచాయతీకి ఒక్కరికైనా శిక్షణ, ఒళ్లంతా కప్పే దుస్తులు ఇప్పించాలి.

– ఒక కొబ్బరి రైతు, అమలాపురం