గడీ గుట్టుకు చేతబడి పేరు పెట్టకండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం అనుబంధంలో అమెరికా దక్షిణాదిలో ఒకప్పుడు బానిసలతో సాగు చేయించిన పెద్ద తోటల్లోని పాత మేడల గురించి వేసిన కథనం చదివి రెండు రోజులు మనసు కుదుటపడలేదు. ‘బానిసల చేతబడికి బలైన దొర కుటుంబం’ అని శీర్షిక పెట్టారు. నేను సిద్దిపేట జిల్లాలో ముప్పై రెండేళ్లు బడిపంతులుగా చేసి రిటైరైనవాణ్ణి. ఇప్పుడు ఆరు నెలల కోసమని టెక్సాస్‌లో పియర్లాండ్‌లో ఉన్న కూతురి దగ్గరికి వచ్చాను. అలాంటి మేడలు కొన్ని చూశాను కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీరు రాసింది లూసియానాలో సెయింట్ ఫ్రాన్సిస్‌విల్ దగ్గరున్న మర్టిల్స్ మేడ గురించి. యజమాని క్లోయి అనే బానిస పిల్ల చెవి కోయించాడట. ఆమె పగబట్టి గన్నేరాకు రసం కేకులో కలిపి దొరసానినీ ఇద్దరు పిల్లలనూ చంపిందట. ఇది రాత్రిపూట టూరిస్టులకు చెప్పే కథ. పాత కాగితాలు వెతికినవాళ్లకు ఆ కుటుంబం దగ్గర క్లోయి అన్న మనిషి ఉన్న జాడే దొరకలేదు. దొరసాని పోయింది విషంతో కాదు, ఎల్లో ఫీవర్‌తో. అసలు ఉందో లేదో తెలియని ఒక ఆడపిల్ల మీద మూడు హత్యలు మోపి, ఆమెనే దయ్యాన్ని చేసి టికెట్లు అమ్ముతున్నారు. మన పత్రిక దాన్ని నిజంలాగా అచ్చేసింది.

ఈ విషం కథ పుట్టింది కూడా దొరల భయంలోంచే. వర్జీనియాలో 1748లోనే చట్టం తెచ్చారు: యజమాని చెప్పకుండా బానిసలు మందు తయారుచేసినా, ఎవరికైనా ఇచ్చినా మరణశిక్ష పడవచ్చు. వేళ్లూ ఆకులూ తెలిసిన మనిషంటే వాళ్లకు అంత గుబులు.

ఇక ఆ ‘చేతబడి’ మాట. అక్కడివాళ్లు దాన్ని హూడూ అంటారు. ఆఫ్రికా నుంచి గొలుసులతో తెచ్చిన మనుషులు తమతోపాటు తెచ్చుకున్న ఆకుపసరు, వేరు, పూస, తాయెత్తు, వాటికి తోడు బైబిల్ కీర్తనలు, అన్నీ కలిసినదది. పగతో చేసే పనులు అందులో ఉండవని అనను. కానీ ఎక్కువగా అది జ్వరానికీ, కాన్పుకీ, కొరడా భయానికీ మందు. మా నాయనమ్మ నా మొలతాడుకు కట్టిన తాయెత్తును ఎవరైనా చేతబడి అంటారా?

మా కూతురి ఇంటి నుంచి గంటన్నర కూడా పట్టదు, బ్రజోరియా దగ్గర లెవీ జోర్డన్ తోట ఉంది. అక్కడ హ్యూస్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన కెన్నెత్ బ్రౌన్ 1986 నుంచి ఏళ్ల తరబడి తవ్వకాలు జరిపారు. 1865లో స్వేచ్ఛ వచ్చాక కూడా చాలామంది అవే గుడిసెల్లో ఉంటూ పాలుకు సాగు చేశారు. ఒక గుడిసె నేలలో దొరికినవి ఇవి: ఇనుప కెటిళ్ల అడుగు ముక్కలు, సుద్ద, పక్షి పుర్రెలు, మందు సీసాలు, మేకులు, కత్తి రేకులు, ఒక చిన్న తక్కెడ ముక్కలు. వైద్యమో మంత్రమో చేసే మనిషి గుడిసె అయ్యుంటుందని పండితుల మాట. నన్ను పట్టుకున్నది ఆ తక్కెడే. మందు తూచి ఇచ్చేవారేమో అనిపిస్తుంది.

బానిసగా పుట్టి, తప్పించుకొని, బానిసత్వం మీద పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో అచ్చయిన ఆత్మకథలో ఒక సంగతి రాసుకున్నాడు. కోవీ అనే కిరాతకుడి చేతిలో దెబ్బలు తిని పారిపోయినప్పుడు శాండీ అనే తోటి బానిస అతనికి ఒక వేరు ఇచ్చి, కుడిపక్కన పెట్టుకో, ఏ తెల్లవాడూ నిన్ను కొట్టలేడు అన్నాడు. డగ్లస్ పెద్దగా నమ్మలేదు. అయినా పెట్టుకొని వెళ్లాడు. తర్వాత కోవీ మీదపడితే తిరగబడ్డాడు, రెండు గంటలు పోరాడాడు. ఆపైన కోవీ అతని మీద చెయ్యి చేసుకోలేదు. ఆ వేరులో మహత్యం ఉందని నేననను. నీవైపు ఒకడున్నాడని చెప్పడానికి శాండీ దగ్గర ఉన్నది అదొక్కటే.

ఈ మాట గురించి ఇంత పట్టుబట్టడానికి నాకు వేరే కారణం ఉంది. నేను పనిచేసిన ఒక ఊళ్లో ఒక మంత్రసాని ఉండేది. ఆకుమందు ఇచ్చేది. ఒక ఇంట్లో వరసగా ఇద్దరు పిల్లలు పోతే బాణామతి, అంటే చేతబడి, చేసిందన్నారు. పట్టపగలు చావడి ముందు కటింగ్ ప్లేయరుతో ఆమె పళ్లు ఊడబెరికారు. మరుసటి రోజు బడికి వచ్చిన పిల్లలు ఆ సంగతే చెప్పుకున్నారు, నేను పాఠం చెప్పలేకపోయాను. మన దగ్గర ఆ మాట ఎవరి మీద పడితే వాళ్ల బతుకు తెల్లారినట్టే. అలాంటి మాటను తీసుకెళ్లి, సొంత శరీరం మీద కూడా హక్కులేని మనుషులకు తగిలించారు.

తోట మేడ అంటే మన గడీయే. వెట్టి చేసినవాళ్లకూ, గడీలో దాసీలుగా బతికిన ఆడబాపలకూ గడీ గుట్టు ఏమిటో తెలుసు. దాన్ని చెప్పడానికి దయ్యం అక్కర్లేదు. ఆ గుట్టు చూడాలంటే లూసియానాలోనే విట్నీ తోట ఉంది, 2014లో మ్యూజియంగా తెరిచారు. మొదట నీలిమందు, తర్వాత చెరకు పండించిన నేల. చెరకురసం కాచిన పెద్ద పెద్ద ఇనుప బాణళ్లు ఇప్పటికీ ఆరుబయటే ఉన్నాయి. లూసియానాలో బానిసలుగా బతికినవాళ్లవి 1,07,000 పేర్లు రాళ్ల మీద చెక్కారు. చాలా పేర్లకు ఇంటిపేరు లేదు. విట్నీ ఉన్న ఆ ఒక్క పారిష్‌లోనే (మన జిల్లాలాంటిది) మూడేళ్లు నిండకముందే పోయిన 2,200 మంది బానిస పిల్లలకు వేరే స్మారకం కట్టారు. మనవరాలు ‘‘తాతా, వీళ్లందరికీ ఏం జబ్బు?’’ అని అడిగింది. చాలాసేపు ఏమీ చెప్పలేకపోయాను.

కనుక అయ్యా, వచ్చే ఆదివారం అదే పేజీలో సవరణ వేయండి. క్లోయి హత్యలు చేసిందనడానికి ఆధారం లేదని రాయండి. ‘చేతబడి’ అన్న మాట తీసేయండి. ఇలాంటి మేడ గురించి మళ్లీ రాసేటప్పుడు దొర పేరుతోపాటు దాన్ని కట్టిన ఒక్కరి పేరైనా వేయండి, దొరికిన చోట. మేం వెళ్లినప్పుడు విట్నీలో ఒక్కొక్కరి మెడలో ఒక బానిస పిల్లవాడి మట్టిబొమ్మ ఫోటో, పేరు, పెద్దయ్యాక చెప్పుకున్న నాలుగు మాటలు ఉన్న కార్డు వేశారు. మా మనవరాలు తన కార్డును చదువుకునే బల్ల మీద పెట్టుకుంది. అచ్చేస్తామంటే ఫోటో తీసి పంపిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
సిద్దిపేట (ప్రస్తుతం పియర్లాండ్, టెక్సాస్)