ఆదివారం ఫొటోలు, మరచిపోకండి

అందరికీ నమస్కారం. ఈ ఆదివారం సాయంత్రం 6 గంటలలోపు ఒక్కొక్కరు మూడు ఫొటోలు పంపండి: ఒక మొక్క, కిటికీలోంచి కనిపించే దృశ్యం, ఇంట్లో గోడ మీది బొమ్మ.

మొక్కలను మిట్టమధ్యాహ్నం తీయకండి. పొద్దుటి ఏటవాలు వెలుగులో ఆకు ఈనెలు కూడా కనిపిస్తాయి. మా మనీప్లాంటు కొత్త ఆకు ఇంకా చుట్ట విప్పలేదు. దాని కోసం నిన్న అరగంట మోకాళ్ల మీదే ఉన్నాను!

అద్దం బిగించిన పటాలకు ఫ్లాష్ వద్దు. కాస్త పక్కకు జరిగి తీయండి, మెరుపు పడదు.

‘డాక్యుమెంట్’గా పంపితే స్పష్టత తగ్గదు. అయితే తీసిన చోటు వివరాలు కూడా ఫొటోతో వెళ్లవచ్చు, కాబట్టి కెమెరాలో లొకేషన్ ముందే ఆపేయండి.

ఎవరో పంపినవి కాదు, మీరు తీసినవే పంపాలి. శుభోదయం కార్డులకు ఆ రోజు సెలవు.